గ్రాఫ్ గీస్తున్నంత సేపు

చిన్నాయన తువ్వాలను మిల్లు బెల్టు లాక్కుపోయిన సంగతి మా ఆఫీసువాళ్ల కంటే ముందు చిన్నమ్మే నాకు చెప్పింది. పొద్దున్నే ఫోన్ చేసి, హలో కూడా అనకుండా మొదలుపెట్టింది. "ఆపిన బెల్టు దానంతట అదే నడిచింది బిడ్డా. గేటు తెరిచి ఉండంగనే నడిచింది. మీ చిన్నాయన వంగి లోపలికి పోతుండు, భుజం మీది తువ్వాల గుంజుకపోయింది. జర ముందుకుంటే మనిషే పోతుండె. ఆ కంప్యూటరు మీ కంపెనీదే గదా?"

మా కంపెనీదే. ఫోన్ పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయాను.

అది రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన కాలం. నేను హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో పని చేసేదాన్ని. ఫ్యాక్టరీల్లో మోటార్లను నడిపే, ఆపే కంప్యూటర్లు తయారుచేసేవాళ్లం. అందులో నా పని అందరి పనికంటే అడుగున ఉండేది. ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యలో కెర్నెల్ అని ఒకటి ఉంటుంది, మిగతా ప్రోగ్రాములన్నీ దాని మీద ఆధారపడే బతుకుతాయి. ఒకేసారి జరిగే పనులు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా అందులో కొంత కోడ్ కాపలా కాస్తుంది. ఆ కాపలా కోడ్‌ను పడిపోయేదాకా సతాయించి, ఎక్కడ పడిందో తెరమీద చూపించే పరికరాలు తయారు చేయడం నా ఉద్యోగం. నా నోటికి, నా కోపానికి తగిన పనే దొరికిందని ఇంట్లో అందరూ అనేవారు. ఆ మాట నిజమే కాబట్టి నేనెప్పుడూ కాదనలేదు.

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఆ రోజుల్లో ఒక చిన్న అట్టల మిల్లు ఉండేది. సారపాకలోని పెద్ద కాగితం మిల్లును చూసినవాళ్లు దీన్ని చూస్తే కర్రల అడితి అనుకుంటారు. లారీల్లో వెదురు, జామాయిల్ కర్ర వచ్చేవి. కర్రను బెల్టు మీద వేస్తే అది పోయి చిప్పర్‌లో పడేది, చిప్పర్ కత్తులు దాన్ని చిన్న చిన్న ముక్కలుగా నరికేవి. బెల్టు చిప్పర్‌లోకి దిగే ఇరుకు చోటును అక్కడ అందరూ గొంతు అనేవాళ్లు. వెదురు పీచు, జామాయిల్ బెరడు వచ్చి ఆ గొంతులో చుట్టుకుపోయేవి. మనుషులు లోపలికి పాకి, చేతులతో పీకి బయటికి లాగాలి. ఆ పని చేసే కూలీల ముఠాకు మా చిన్నాయన పెద్ద. మా నాన్నకు స్వయానా తమ్ముడు. మాది ఏన్కూరు. ఆయన పెళ్లయ్యాక అత్తగారి ఊరని టేకులపల్లిలోనే ఉండిపోయాడు. ముఠాలో మిగతావాళ్లంతా అడవి ఊళ్లవాళ్లు, వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకునేవాళ్లు, ఆయనతో తెలుగులో.

మా కంప్యూటర్ రాకముందు కరెంటు మెయిన్ స్విచ్ దించాకే గొంతులోకి దిగేవాళ్లు. కానీ ఆ మెయిన్ మీద సగం మిల్లు ఉండేది. దించితే పంపులతో సహా అన్నీ ఆగేవి, మళ్లీ లేపి అన్నిటినీ దారికి తెచ్చేసరికి సగం షిఫ్టు గడిచేది. అందుకని మా కంప్యూటర్ కొన్నారు. గొంతు ముందున్న జాలీ గేటు తెరిచి ఉంటే అది మోటారును కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. గేటు మూసేదాకా బెల్టు కదలదు, బెల్టుతోపాటు చిప్పర్ కూడా. ఎర్రటి ఎమర్జెన్సీ బటన్‌ను సైతం తీసుకెళ్లి ఆ కంప్యూటర్‌కే తగిలించారు. ఈ ఘనకార్యం నేను అక్కడికి పోయాక చూశాను, చూసిన రోజే నాకూ మిల్లువాళ్లకూ ఒక గొడవ అయింది.

కొన్నేళ్లు అంతా బాగానే నడిచింది. తర్వాత ఒక ప్రాసెసర్ ఉండే బోర్డులు దొరకడం తగ్గి, రెండేసి ప్రాసెసర్లున్న బోర్డులు వచ్చాయి. మావాళ్లు పాత కోడ్‌నే వాటిలో పెట్టి పంపారు, ఈ మిల్లులోనూ పాత బోర్డు తీసి అలాంటిదే బిగించారు. ఒకే వంటింట్లో ఇద్దరు వంట చేస్తున్నారనుకోండి. ఒకామె పప్పు రుచి చూసి ఉప్పు తక్కువైందని అటు తిరిగింది. ఆ లోపల రెండో ఆమె కూడా రుచి చూసి ఉప్పు వేసింది. మొదటామె ఇటు తిరిగి తానూ వేసింది. ఇద్దరూ సరిగ్గానే చేశారు, పప్పు మాత్రం నోట్లో పెట్టలేం. గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లే కుండ జోలికి పోవాలని నియమం పెడితే ఈ తంటా ఉండదు. కెర్నెల్‌లో ఆ గరిటెను లాక్ అంటాం. మా కోడ్‌లో ఎక్కడో ఎవరో గరిటె పట్టుకోకుండా కుండలో చెయ్యి పెడుతున్నారు. ఎక్కడన్నది మూడు ముక్కల్లో చెప్పగలిగే మనిషి ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

అడవి దారి తెలిసినదాన్ని, చుట్టం ఇంట్లో ఉండగలదాన్ని కనుక బాస్ నన్నే పంపాడు. చిన్నాయన బస్టాండుకు వచ్చాడు. భయపడ్డట్టే లేడు. "తువ్వాలనే గదా పోయింది, ఇంకోటి కొందాం తియ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మిల్లులో కంట్రోల్ రూం వెనక ఒక గది ఇచ్చారు. అందులో అచ్చం అసలుదాని లాంటి కంప్యూటరే ఇంకొకటి, ఒక చిన్న మోటారు పెట్టుకుని పని మొదలుపెట్టాను. కెర్నెల్ లోపల కూర్చుని రెండు ప్రాసెసర్లనూ ఒకే లాక్ కోసం ఎగదోసే ప్రోగ్రాం రాయడం నాకు కష్టం కాదు. కష్టమంతా లోపల జరిగేది బయటికి ఎలా చూపించాలన్న దగ్గరే. ఎవరు ఎన్నిసార్లు లాక్ పట్టుకున్నారు, ఎంతసేపు కాచుకున్నారు, పట్టి ఉంచిన మోటారు ఎన్నిసార్లు పట్టు జారి కదిలింది, ఇవన్నీ చూపాలి. అంకెలు చాలనుకున్నాను. బాస్ ఫోన్లో, కస్టమర్‌కు అంకెలు అర్థం కావు, కదిలే గ్రాఫ్ పెట్టమన్నాడు. అయిష్టంగానే పెట్టాను కానీ, నిజం చెప్పాలంటే అది తయారయ్యాక నాకూ ముచ్చటేసింది. దవాఖానాలో మంచం పక్కన గుండె గీత కదిలినట్టు తెర మీద ఒక గీత లేచి పడుతూ పోయేది. అడుగున ఒక అంకె, మోటారు ఎన్నిసార్లు జారిందో చెప్పేది. ఎవరూ మౌస్ ముట్టుకోక తెర నల్లబడితే గ్రాఫ్ గీయడం ఆగిపోయేలా రాశాను. ఎవరూ చూడనప్పుడు యంత్రం మీద బరువెందుకని.

పరీక్ష నడిచింది. సున్నా. మర్నాడంతా నేను తెర ముందే కూర్చుని చూస్తుండగా నడిచింది. సున్నా. ఇంకా గట్టిగా ఎగదోశాను, ఫ్యాన్లు హోరెత్తాయి, డబ్బా మీద చెయ్యి పెడితే కాలింది. అయినా సున్నానే.

యార్డు సూపర్‌వైజర్ చెడ్డవాడు కాదు. సత్తుపల్లి అవతలి నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. మర్యాదగా మాట్లాడేవాడు, కాకపోతే యార్డులో కర్ర గుట్ట పేరుకుపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. నా గ్రాఫ్ చూసి కంట్రోల్ రూంలో అసలు కంప్యూటర్ మీద కూడా అది పెట్టమన్నాడు. పెట్టాను. అక్కడా సున్నా.

"చూశారా అమ్మా, మీరు గ్రాఫ్ పెట్టిన దగ్గర్నుంచి బెల్టు బుద్ధిగా ఉంది. ఇక దీన్ని తీయకండి, ఇలాగే ఉండనివ్వండి" అన్నాడు.

"గ్రాఫ్ ఏమీ చేయదు సార్, చూపిస్తుందంతే" అన్నాను.

"ఏదైతేనేం, బాగుంది కదా" అన్నాడు. బాస్ కూడా ఫోన్లో అదే పాట పాడాడు. మా రంగంలో ఇది కొత్త కాదు. తప్పు వెతకడానికి ఒక లైను కలిపితే తప్పు కనపడకుండా పోతుంది, ఎందుకు పోయిందో తెలుసుకునే ఓపిక లేక ఆ లైనును అలాగే ఉంచేస్తారు. అలాంటి లైన్లు మా కోడ్ నిండా ఉండేవి.

తువ్వాల పోయిన రోజు నుంచి మెయిన్ దించాకే దిగుతున్న ముఠా, అలా దించకుండానే మళ్లీ గొంతులోకి దిగడం మొదలుపెట్టింది. లోపలికి పోయే ముందు చిన్నాయన కంట్రోల్ రూం కిటికీ దగ్గర ఆగి, లోపల తెర మీద గీత కదులుతోందో లేదో చూసేవాడు. ముఠాలో వాళ్లకు నన్ను చూపించి, "మా అన్న బిడ్డ. గిది చేసింది ఈ పిల్లనే" అని చెప్పేవాడు. వాళ్లు నన్నూ గీతనూ మార్చి మార్చి చూసేవాళ్లు. గర్వంగా ఉండేది. ఇంటికి పోతే చిన్నమ్మ పళ్లెంలో ఇంకో చేప ముక్క వేసేది.

ఒకరోజు పగలు, భోజనాలకు ఇంకా కొంచెం ముందు, వెనక గదిలో నాకు తలనొప్పి మొదలైంది. గీత అదే పనిగా లేచి పడుతుంటే కళ్లు తిరిగినట్టు అనిపించింది. గ్రాఫ్ మూసేసి, పరీక్షను మాత్రం నడవనిచ్చి, బల్ల మీద తల పెట్టుకున్నాను. కాసేపాగి లేచి గ్రాఫ్ తెరిచాను.

అడుగున అంకె మారింది. సున్నా లేదు.

పొరపాటేమోనని మళ్లీ మొదటి నుంచి నడిపాను. గ్రాఫ్ తెరిచి ఉంచితే సున్నా. మూసి, కిటికీ దగ్గర నిలబడి నీళ్లు తాగి వచ్చి తెరిస్తే, జారింది. ఇంకోసారి. మళ్లీ జారింది. అప్పుడు తట్టింది. గీత గీయాలంటే లోపలి లెక్కలన్నీ ఒకచోట చదవాలి. చదివేటప్పుడు అవి మారిపోకుండా నేనూ అదే లాక్ పట్టుకుంటున్నాను, అదీ గీత నున్నగా కదలాలని క్షణక్షణం. నేను పట్టుకున్న ప్రతిసారీ ఆ రెండు ప్రాసెసర్లూ ఆగి వరసలో నిలబడుతున్నాయి. కొట్లాడుకునే పిల్లలు అమ్మ గదిలో ఉన్నంత సేపు చేతులు కట్టుకుని కూర్చున్నట్టు. నేను గదిలోంచి పోగానే మొదలు. తప్పును పట్టుకోవడానికి తయారుచేసిన పరికరమే తప్పును దాచిపెడుతోంది.

సంతోషించాల్సిన ఘడియ అది. ఇన్నాళ్లకు తప్పు దొరికింది. అప్పుడే కిటికీలోంచి యార్డు కనపడింది. జాలీ గేటు తెరిచి ఉంది. గేటు పక్కన చెప్పుల జతలు, వాటి పక్కన మడిచి పెట్టిన చొక్కాలు. ముఠా గొంతులో ఉంది.

కంట్రోల్ రూంలోకి పరిగెత్తాను. ఎవరూ లేరు. ఆపరేటర్ క్యాంటీన్‌కు పోయినట్టున్నాడు. తెర నల్లగా ఉంది. నల్లబడితే గ్రాఫ్ గీయడం ఆగుతుంది, అలా రాసింది నేనే. మౌస్ మీద చెయ్యి పడేశాను. తెర వెలిగింది, గీత లేచింది, పడింది, మళ్లీ లేచింది. అంకె ఇంకా సున్నానే. ఎంతసేపటి నుంచి నల్లగా ఉందో తెలియదు.

బయటికి పోయి వాళ్లను పిలవాలి. కానీ నేను పోతే మౌస్ ముట్టుకునేవాళ్లు లేరు, మళ్లీ నల్లబడుతుంది. నల్లబడకముందే పోయి రాగలనేమో అనుకున్నాను. మెట్లు దిగి, కర్ర గుట్టలు చుట్టి పోవాలి. బెరడు ఒలిచే డ్రమ్ము చప్పుడులో ఇక్కణ్నుంచి అరిస్తే వినపడదు. తెర నల్లబడకుండా సెట్టింగు మారుద్దామని చూస్తే పాస్‌వర్డ్ అడిగింది, అది ఆపరేటర్ దగ్గర ఉంది. ఎమర్జెన్సీ బటన్ నొక్కుదామా అంటే అది పోయేది ఈ కంప్యూటర్‌లోకే, దాని మీద నాకిక నమ్మకం లేదు. చిన్నాయన సెల్‌కు ఫోన్ చేశాను. అడవి అంచు కదా, సిగ్నల్ వస్తూ పోతూ ఉండేది. ఆ రోజు వచ్చింది, మోగింది కూడా. మోగుతుండగా అర్థమైంది, అది గేటు పక్కన ఆయన చొక్కా జేబులో మోగుతోందని.

ఆ కుర్చీలో కూర్చుని మౌస్ కదుపుతూ ఉన్నాను. అటు, ఇటు. అటు, ఇటు. నా జీవితంలో నేను చేసిన అతి ముఖ్యమైన పని అదే, దానికి ఇంజనీరింగ్ చదువు అవసరం లేదు. చిన్నాయన గొంతులోకి మొదట తానే పోతాడని, చివర తానే వస్తాడని నాకు తెలుసు. అంటే అందరికంటే లోపల, కత్తులకు దగ్గరగా ఉండేది ఆయనే. గీత లేచినప్పుడల్లా ఊపిరి తీసుకుంటున్నాను. ఎవడు పెట్టమన్నాడురా ఈ గ్రాఫ్ అని బాస్‌ను తిట్టాను, ఆ మరుక్షణమే గ్రాఫ్ ఉండబట్టే కదా అని అతనికి దండం పెట్టుకున్నాను. ఏడుపు వస్తోంది, కానీ కళ్లలో నీళ్లొస్తే తెర మసకబారుతుందని భయం.

ఆపరేటర్ టీ గ్లాసు పట్టుకుని ఈల వేసుకుంటూ వచ్చాడు.

"పో, వాళ్లను బయటికి పిలువు! జల్దీ పో!" అని అరిచాను.

"ఏమైంది మేడమ్?"

"ముందు పోరా బాబూ! బెల్టు నడుస్తది!"

గ్లాసు అక్కడే పడేసి పరిగెత్తాడు. కిటికీలోంచి చూస్తూ మౌస్ కదుపుతూనే ఉన్నాను. ఒకడు బయటికొచ్చాడు. ఇంకొకడు. ఇద్దరు కలిసి వచ్చారు. గేటు దగ్గర నిలబడి ఒళ్లు దులుపుకుంటూ విసుక్కుంటున్నారు. చివరికి చిన్నాయన, చేతినిండా వెదురు పీచుతో, తీరిగ్గా, ఏదో మరిచిపోయినట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసి మరీ వచ్చాడు. అప్పటికి గాని నా చెయ్యి మౌస్ మీది నుంచి లేవలేదు.

సూపర్‌వైజర్ వచ్చాడు, పని మధ్యలో ఆపించినందుకు చిరాగ్గా ఉన్నాడు. అంతా చెప్పాను. గ్రాఫ్ తెరిచి ఉన్నంత సేపే బెల్టు ఆగి ఉంటుందన్నాను. ఆయన నమ్మలేదు. ఆయన్ను తప్పు పట్టలేను, గంట ముందు నేనైనా నమ్మేదాన్ని కాదు. ఎవరైనా చూడకపోతే నడిచే యంత్రం ఎక్కడైనా ఉంటుందా?

"కళ్లతో చూడండి, నమ్ముతారు" అన్నాను.

అందరినీ గేటు బయట, పసుపు గీత అవతల నిలబెట్టాను. సుద్ద ముక్క తీసుకుని బెల్టు మీద, పక్కనే ఉన్న ఇనుప చట్టం మీద కలిపి ఒకే గీత గీయించాను. గీసినవాళ్లు ఇవతలికి వచ్చాక, గేటు తెరిచే ఉంచి, కంట్రోల్ రూంకు పోయి పరీక్ష ప్రోగ్రాంను అసలు కంప్యూటర్ మీద నడిపి, గ్రాఫ్ మూసేశాను. తెరంతా ఖాళీ. దిగివచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాను. ఇప్పుడు మాకున్న పరికరం సుద్దగీత ఒక్కటే.

ఎండ నెత్తి మీద ఉంది. బెరడు డ్రమ్ము కూడా ఆపించారు, దూరంగా అడవిలో ఏదో పిట్ట కూత వినపడుతోంది. కూలీలు కూర్చోలేదు, అందరి కళ్లూ ఆ తెల్ల గీత మీదే. చాలాసేపు ఏమీ కాలేదు. సూపర్‌వైజర్ గడియారం చూసుకున్నాడు. "ఏమీ లేదు కదమ్మా" అన్నాడు. నడవకపోతే వీళ్లు మళ్లీ లోపలికి పోతారు. నడవాలి అని మొక్కుకున్నాను, బెల్టు నడవాలని మొక్కుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

గొంతులో చిప్పర్ ఒక్కసారి గుర్రుమంది. బెల్టు జర్రున జరిగి ఆగింది. చట్టం మీది సుద్దగీత చట్టం మీదే ఉంది. బెల్టు మీది గీత గొంతు వైపు మూరెడు పోయింది. మనిషి ఉంటే అతని తల ఎక్కడ ఉండేదో అక్కడి దాకా.

ముఠాలో ఒకడు వాళ్ల భాషలో ఏదో అన్నాడు.

సూపర్‌వైజర్ పసుపు గీత నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. తేరుకుని, "అయితే గ్రాఫ్ మూయకుండా ఉంటే సరిపోతుంది కదమ్మా? ఒక మనిషిని కూర్చోబెడదాం, మౌస్ కదుపుతూ ఉంటాడు" అన్నాడు.

అప్పుడు నా నోరు ఆగలేదు. పెద్దాచిన్నా చూడలేదు. "సార్, గ్రాఫ్ తాళం కాదు, గొలుసు కాదు. అది గీస్తున్నప్పుడు తప్పు జరిగే సందు ఇరుకవుతుంది, పూర్తిగా మూసుకుపోదు. రేపు ఎండ ఎక్కువైనా, ఇంకో ప్రోగ్రాం కలిపినా ఆ గీత కదులుతుండగానే బెల్టు నడుస్తుంది. మీరు పోతారా లోపలికి? నేను మౌస్ కదుపుతాను, మీరు పోండి!" అని అరిచాను. యార్డంతా విన్నది. ఆ రోజు నుంచి మెయిన్ దించాకే లోపలికి పోవాలని మాత్రం ఆయన ఒప్పుకున్నాడు, అదీ నేను తప్పు సరిచేసేదాకా.

చిన్నాయన కర్ర దుంగ మీద కూర్చుని ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. ఆయన ఇంకా సుద్దగీతనే చూస్తున్నాడు.

"మరి నేను లోపలున్నన్ని సార్లు దాన్ని ఆపింది ఏంది బిడ్డా?"

"గ్రాఫే చిన్నాయనా."

"ఆ గీతనా?"

"అవ్."

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"నేను గీతను చూసి పోలే బిడ్డా. నాకేం తెలుస్తది గీత సంగతి. నువ్వు చేసినవని పోయిన" అన్నాడు.

నేను ఏడ్చాను. అంతమంది ముందు, దాచుకోకుండా. ఆయన నన్ను ఊరుకోబెట్టడానికి లేచి నీళ్లు తెచ్చాడు, అది ఇంకా భరించలేకపోయాను.

తర్వాత కొన్ని వారాలు వెనక గదిలోనే గడిచాయి. ఆ పరికరాన్ని మొత్తం పీకేసి మళ్లీ కట్టాను. ఈసారి ఏ ప్రాసెసర్ లెక్క దానిదే, ఎవరి అంకెలు వాళ్లే తమ దగ్గర రాసుకుంటారు, ఎవరూ లాక్ పట్టుకోరు. పరీక్ష నడుస్తున్నంత సేపు తెర మీద ఏమీ రాదు. ఆపాకే, ఒక్కసారే చదవాలి. మధ్యలో తొంగిచూడాలని చెయ్యి దురద పెట్టేది. చూడటానికి తయారుచేసిన దాన్ని చూడకుండా ఉండటం నా స్వభావానికి చాలా కష్టమైంది. బాస్ ఫోన్ చేసి గ్రాఫ్ ఏదంటే, లేదన్నాను. కస్టమర్‌కు ఏం చూపిస్తావంటే, ఖాళీ తెర చూపిస్తానన్నాను. ఆ ఖాళీ తెర వెనకే తప్పు దొరికింది. వేగం కలిసొస్తుందని ఎవరో ఒకచోట లాక్ పట్టుకోకుండానే గేటు సంగతి చదివి, ఆ పాత కబురును నమ్మి మోటారును వదిలేస్తున్నారు. దిద్దుబాటు నాలుగైదు లైన్లు కూడా లేదు. దిద్దాక మళ్లీ సతాయించాను. వేడిలో, చలి గదిలో, కరెంటు హెచ్చుతగ్గుల్లో, ఒక్క ప్రోగ్రాంతో, పది ప్రోగ్రాంలతో. ప్రతిసారీ ఆపి, ఊపిరి బిగబట్టి చదివాను. పాత కోడ్ ప్రతిసారీ పడింది, కొత్తది ఒక్కసారీ పడలేదు. అది పడదని నాకు తెలుసు. నా ఉద్యోగ జీవితంలో అంత నిశ్చయంగా దేని గురించీ చెప్పలేదు.

దిద్దిన కోడ్‌ను అసలు కంప్యూటర్‌లో పెట్టిన రోజు గొంతు నిండా బెరడు ఉంది. సూపర్‌వైజర్ నవ్వు మొహంతో వచ్చాడు. "ఇక మెయిన్ దించే బాధ తప్పింది కదమ్మా" అన్నాడు. జాలీ గేటు తెరిచారు. ముఠా చెప్పులు విప్పింది. చిన్నాయన చొక్కా మడిచి పక్కన పెట్టి, వంగబోతూ ఆగి నా వైపు తిరిగాడు.

"బాగైందా బిడ్డా?"

"బాగైంది చిన్నాయనా."

"ఇగ నడవదు గదా?"

"నడవదు."

"పోవాల్నా మరి?"

ఆయన అడిగింది సూపర్‌వైజర్‌ను కాదు. గొంతులో చీకటిగా ఉంది. కత్తులు కనపడటం లేదు, అవి ఎక్కడున్నాయో మాత్రం నాకు తెలుసు.

"మెయిన్ దించమను" అన్నాను.

"అదేంటమ్మా, ఇప్పుడేగా బాగైందన్నారు!" సూపర్‌వైజర్ నివ్వెరపోయాడు.

నేను ఆయన వైపు చూడలేదు. "బాగైందని నాకు తెలుసు చిన్నాయనా. నువ్వు లోపలుంటే మాత్రం నాకేం తెల్వదు" అన్నాను.

చిన్నాయన చెప్పులు వేసుకుని, కరెంటు గది వైపు తానే నడిచాడు. సగం మిల్లు చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చి లోపలికి పాకాడు.